వాషింగ్టన్ మతం ఏమిటి?

అమెరికా స్వాతంత్ర్య పోరాటం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. జార్జి వాషింగ్టన్ పుట్టుకతో ఆంగ్లికన్ క్రైస్తవులు. వర్జీనియాలో ట్రూరో పారిష్ చర్చి పాలకవర్గంలో ఏళ్ల తరబడి సభ్యులు. అయితే అధ్యక్షులుగా ఉన్న రోజుల్లో, ఫిలడెల్ఫియా చర్చిలో ప్రభు భోజనం వేళకు లేచి వెళ్లిపోయేవారని అక్కడి పాదిరీలే చెప్పారు. ఆయన రాతల్లో ఏసు పేరు చాలా అరుదు. 'దైవ సంకల్పం' వంటి మాటలే ఎక్కువ.

మాకు బాగా నచ్చినది 1784 మార్చిలో ఆయన రాసిన ఒక ఉత్తరం. మౌంట్ వెర్నన్‌లోని ఇంటికి ఒక వడ్రంగి, ఒక తాపీ మేస్త్రీ కావాలి. పని బాగా వస్తే చాలు, ఏ ఖండం వాడైనా, ముస్లిం అయినా, యూదుడైనా, క్రైస్తవుడైనా, చివరికి నాస్తికుడైనా సరేనన్నారు! 1790లో న్యూపోర్ట్ యూదులకు ఇచ్చిన జవాబులోనూ, మతస్వేచ్ఛ ఒకరు దయతలచి మరొకరికి ఇచ్చేది కాదనే భావమే ఉంది.

ఇంతటితో ఆపేస్తే మాకూ సులువే. కాని 1774 నాటి పన్ను జాబితాలో, ఆయన బానిసల పేర్ల మధ్య 'ఫాతిమర్', 'చిన్న ఫాతిమర్' అని ఇద్దరు స్త్రీలున్నారు. తల్లీకూతుళ్లు కాబోలు. పనివాడి మతంతో తనకు పనిలేదన్న యజమాని ఇంట్లోనే వారికి ఏ స్వేచ్ఛా లేదు. ఆ రెండు పేర్లూ బోర్డు మీద రాయనిదే మేము ఆ పాఠం ముగించం.