సెంటు సీసాల సొగసు కథ

సెంటు అయిపోయినా ఆ సీసాని పారేయడానికి చాలామందికి మనసొప్పదు. "ఖాళీ సీసాలు దాచి ఏం చేస్తావ్?" అని ఇంట్లో మగవాళ్లు విసుక్కుంటూనే ఉంటారు. వాళ్లకు చెప్పండి, పాతకాలపు సెంటు సీసాల్ని, ఖాళీవైనా సరే, వేలంపాటల్లో పోటీపడి కొనేవాళ్లున్నారని! ఒకప్పుడు మాత్రం సంగతి దీనికి తలకిందులు.

సీసా వదిలి సెంటు దోచారు!

1922లో ఈజిప్టులో టూటన్‌ఖామెన్ రాజు సమాధి బయటపడింది. దాదాపు 3,300 ఏళ్ల నాటిది. అందులో అలబాస్టర్ అనే తెల్లరాతిని తొలిచి చేసిన అందమైన పాత్రలున్నాయి. ఏనాడో చొరబడిన దొంగలు ఆ పాత్రల్ని వదిలేసి, లోపలి సుగంధ లేపనాన్ని తోడుకుపోయారు. వాళ్ల వేళ్ల గుర్తులు అలాగే మిగిలిపోయాయి!

అప్పట్లో గాజు కూడా అపురూపమే. కడ్డీకి మట్టిముద్ద పెట్టి, దానిమీద కరిగిన గాజును చుట్టేవారు. నీలం మీద పసుపు, తెలుపు గాజు తీగలతో అలలు తీర్చి, చల్లారాక మట్టిని గోకి తీసేవారు. ఒక్క బుడ్డికి ఎంత చాకిరీయో చూడండి! క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో గొట్టంతో గాజును ఊదే పనితనం వచ్చాక సీసా ధర దిగివచ్చింది.

మన పన్నీరు బుడ్డి

మనకూ ఈ ముచ్చట తక్కువేం కాదు. పెళ్లిలో అతిథులపై చిలకరించే పొడుగుమెడ వెండి పన్నీరు బుడ్డి తెలియనిదెవరికి? నిజాం రాజ్యంలో భాగమైన బీదర్‌లో నల్లని లోహంపై వెండి తీగలు పొదిగి అత్తరుదానులు చేసేవారు. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో బుల్లి గాజు సీసాల వరసలు ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వవు.

నగల పనివాడు తెచ్చిన మార్పు

ఫ్రాన్సులో 1853లో గెర్లాన్ సంస్థ యూజీనీ మహారాణి కోసం 69 తేనెటీగలు చెక్కినట్టుండే సీసా చేయించింది. కానీ అది రాణిగారి వైభోగం! మామూలుగా సెంటు మందుసీసాలాంటి సాదా సీసాలోనే వచ్చేది. కలిగినవాళ్లు దాన్ని ఇంట్లో తమ నగిషీ సీసాలో పోసుకునేవారు.

1908 ప్రాంతంలో సెంట్ల వ్యాపారి ఫ్రాన్స్వా కోటీ, నగల తయారీలో పేరుపొందిన రెనే లాలీక్ చేత సీసాలు చేయించాడు. అచ్చుల్లో పోసి ఒకేలాంటివి ఎన్నైనా తీయడంతో, అందమైన సీసా సెంటుతో పాటే మధ్యతరగతి ఇంటికీ వచ్చింది. 1925 నాటి 'షాలిమార్' సెంటుకు పేరిచ్చింది మొగలుల తోటలే. దాని సీసా ఫౌంటెన్ తొట్టిలా, నీలిరంగు మూత విసనకర్రలా ఉంటాయి.

అలా సీసా సోకు పెరిగిన కొద్దీ, మనం ఇచ్చే డబ్బులో దాని వాటా కూడా పెరిగింది. అందుకే కొనేముందు సీసా చూసి మురిసిపోకండి. సెంటు చేతిమీద రాసుకుని, కాసేపాగి వాసన చూశాకే బేరం తేల్చండి.

మీ ఇంటి సీసాలకు...

* ఎండ, వేడి సెంటుకు శత్రువులు. కిటికీ దగ్గర కాకుండా బీరువాలో ఉంచండి.

* గాజు బిరడా బిగుసుకుంటే అంచున చుక్క నూనె వేసి కాసేపాగండి. బలవంతంగా తిప్పితే మెడ విరుగుతుంది.

* ఖాళీ సీసాని మూత తీసి చీరల మధ్య ఉంచితే మిగిలిన వాసన చీరలకు పడుతుంది. సెంటును మాత్రం జరీ మీద చల్లకండి, మచ్చపడుతుంది.

* పాత సామాన్లవాడికి వేయాలనుకుంటే ముందు లేబుల్ చింపేయండి. పేరున్న కంపెనీ ఖాళీ సీసాల్లో నకిలీ సెంటు నింపి అమ్మేవాళ్లున్నారు. ఆనాటి దొంగలకు సెంటు కావాలి, ఈనాటి దొంగలకు సీసా కావాలి మరి!