ప్రోగ్రాములు వెనక్కి నడవగలవా?

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే బస్సు ఎక్కితే, నల్లమల అడవి మొదలయ్యేచోట మన్ననూర్ వస్తుంది. అక్కడ అటవీశాఖ వారి చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అడవిలోకి వదలరు. అది పులులు, దుప్పులు, ఎలుగుబంట్లు తిరిగే చోటు మరి!

లినక్స్‌తో నడిచే కంప్యూటరులో కూడా ఇలాంటి చెక్‌పోస్టు ఒకటి ఉంటుంది. ఏ ప్రోగ్రాము లోపలికి రావాలన్నా అది తనిఖీ చేస్తుంది. పాతదాని స్థానంలో కొత్తది వస్తే తేలికగా వదులుతుంది. కొత్తదాన్ని తీసి పాతది పెట్టబోతే మాత్రం అడ్డుపడుతుంది. ఎందుకు? అది తెలుసుకోవడానికి ఒక చిన్న కథ చెప్పుకుందాం.

అన్నయ్య గీసిన పటం

మన్ననూర్‌లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉందనుకోండి. 2018లో ఆమె అన్నయ్య కాలేజీ పని కోసం ఊరి చుట్టుపక్కల వాగులు, చెరువులు, ఫరహాబాద్ వైపు పోయే దారి - అన్నీ గుర్తించి ఒక పటం తయారు చేశాడు. అందుకు క్యూజిఐఎస్ అనే ప్రోగ్రాము వాడాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన పటాల ప్రోగ్రాము అది. ఇంటి నుంచి నీటి చోటుకు దూరం లెక్కగట్టడానికి పైథాన్ భాషలో ఒక చిన్న అనుబంధం కూడా రాసి దానికి తగిలించాడు.

అప్పటి క్యూజిఐఎస్ సంఖ్య 2.18. ఇప్పుడు చెల్లెలి కంప్యూటరులో డెబియన్ 12 అనే లినక్స్ ఉంది. అందులో వచ్చే క్యూజిఐఎస్ 3.22. పటం తెరుచుకుంది. కాని దూరం లెక్కగట్టే అనుబంధం పని చేయలేదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన క్యూజిఐఎస్ 3.0తో పైథాన్ 2 పోయి పైథాన్ 3 వచ్చింది. పాత పైథాన్‌లో రాసినవాటిని మళ్ళీ సరిదిద్దుకుంటే తప్ప నడవవు.

"అయితే పాత 2.18నే వేసుకుంటే సరి!" అనుకుంది చెల్లెలు. సరిపోతుందా?

ముందు సంఖ్యల సంగతి

ప్రోగ్రామును మార్చి విడుదల చేసినప్పుడల్లా దానికి ఒక సంఖ్య ఇస్తారు. అలా విడుదలైన ప్రతిదాన్నీ ఒక కూర్పు, లేదా వెర్షన్, అంటారు. ఇక్కడ మీ లెక్కల మాస్టారు చెప్పిన దశాంశాలను కాసేపు పక్కన పెట్టాలి. లెక్కల్లో 3.10 కంటే 3.4 పెద్దది. కూర్పులలో అలా కాదు. చుక్కకు అటూ ఇటూ ఉన్నవి వేర్వేరు అంకెలు. నాలుగు తర్వాత పది వస్తుంది కనుక 3.10 కొత్తది. క్యూజిఐఎస్ 3.4 వచ్చింది 2018లో, 3.10 వచ్చింది 2019లో.

ఒంటరిగా రాని అతిథి

ఊళ్ళో పెళ్ళిళ్ళకు వాడే పెద్ద వంటపాత్రలను ఇంటింటా కొనరు. ఊరంతటికీ ఒక జత ఉంచుకుని, అవసరమైనవారు వాడుకుంటారు. లినక్స్‌లో ప్రోగ్రాములూ అంతే. అక్షరాలు గీయడం, బొమ్మలు చూపడం, ఫైళ్ళు తెరవడం లాంటి పనులకు ఉమ్మడి భాగాలు ఉంటాయి. వీటిని లైబ్రరీలు అంటారు. దీనివల్ల డిస్కులో చోటు మిగులుతుంది. ఒక లైబ్రరీలో తప్పు దిద్దితే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి.

ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. క్యూజిఐఎస్ 2.18కు క్యూటి 4 అనే లైబ్రరీ, పైథాన్ 2 కావాలి. 2019 జులైలో వచ్చిన డెబియన్ 10లో ఈ రెండూ ఉన్నాయి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో రెండూ లేవు. వాటిని బలవంతంగా తెచ్చి పెడితే, వాటికి కావలసిన ఇంకా పాత లైబ్రరీలూ కావాలి. ఉమ్మడి పాత్రలను తీసేసి పాతవి పెడితే, కొత్తవాటిమీద వండుకుంటున్న మిగతా ఇళ్ళవారి గతేమిటి?

అందుకే చెక్‌పోస్టు అడ్డుపడుతుంది. డెబియన్‌లో దాని పేరు ఆప్ట్. 1999లో డెబియన్ 2.1తో ఇది అందరికీ అందింది. వచ్చిన ప్రతి ప్యాకేజీని ఇది మూడు ప్రశ్నలు అడుగుతుంది. నువ్వు నమ్మదగిన చోటు నుంచే వచ్చావా? నీకు ఎవరెవరు తోడు కావాలి? ఇక్కడ ఇప్పటికే ఉన్నవారితో నీకు పొసగుతుందా? మూడింటికీ జవాబు కుదిరితేనే గేటు ఎత్తుతుంది.

మూడు దారులు

మరి పాతది కావాలంటే ఏం చేయాలి?

ఒకటి: పాత కూర్పు ఇంకా డెబియన్ భాండారంలోనే ఉంటే పని తేలిక. ప్రోగ్రాము పేరు రాసి, సమానం గుర్తు పెట్టి, కావలసిన కూర్పు సంఖ్య రాస్తే ఆప్ట్ దాన్నే తెస్తుంది. ఆ తర్వాత "హోల్డ్" అనే ఆదేశంతో దాన్ని కట్టివేయాలి. లేకపోతే తర్వాత కంప్యూటరును తాజాపరిచినప్పుడు మళ్ళీ కొత్తది వచ్చి కూర్చుంటుంది.

రెండు: కొన్ని ప్రోగ్రాములు తమకు కావలసిన లైబ్రరీలను చాలావరకు తమతోనే మోసుకొస్తాయి. పొలానికి పోయేవారు సద్దిమూట కట్టుకుపోయినట్టు! ఆప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్ ఇలాంటివి. చోటు ఎక్కువ తింటాయి కాని, ఊరి పాత్రల జోలికి రావు.

మూడు: కంప్యూటరు లోపలే మరో కంప్యూటరు ఉన్నట్టు భ్రమ కల్పించవచ్చు. దీన్ని వర్చువల్ మెషిన్ అంటారు. అందులో డెబియన్ 10 మొత్తం వేసి, దానితోపాటే క్యూజిఐఎస్ 2.18 వేసుకోవచ్చు. మన కథలోని చెల్లెలికి తగినది ఇదే. అన్నయ్య ప్రోగ్రాము తన కాలంనాటి తోటివారితో కలిసి ఒక వేరే గదిలో ఉంటుంది. గది బయట డెబియన్ 12 ఎప్పటిలాగే నడుస్తుంది.

పాత ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయి అంటారా? డెబియన్ వారు 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలను తేదీల వారీగా దాచి ఉంచారు. పాత పత్రికలను గ్రంథాలయంలో భద్రపరచినట్టు అన్నమాట.

అర సెకను ఆలస్యం

వెనక్కి వెళ్ళడం ఒక్కోసారి లోకానికే మేలు చేస్తుంది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అన్నిటా ఉంటుంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక విచిత్రం గమనించాడు. దూరాన ఉన్న కంప్యూటరులోకి ప్రవేశించే పని 0.3 సెకన్లకు బదులు 0.8 సెకన్లు తీసుకుంటోంది. అర సెకనే కదా అని ఊరుకోలేదు. కారణం వెతికాడు.

ఎక్స్‌జెడ్ కొత్త కూర్పులు 5.6.0, 5.6.1లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. దాని తాళంచెవి ఉన్నవారు ఇతరుల కంప్యూటర్లలో తమ ఆదేశాలు నడిపించగలరు. మార్చి 29న ఆయన ఈ సంగతి ప్రకటించాడు. అప్పటికి ఆ కూర్పులు డెబియన్ పరీక్షా శాఖల వరకే చేరాయి, అందరూ వాడే స్థిర శాఖకు చేరలేదు.

డెబియన్ వారు వెంటనే పాత 5.4.5కు వెళ్ళారు. కాని ఆప్ట్ తనంతట తాను వెనక్కి పోదు కదా! అందుకని పాత ప్రోగ్రాముకే "5.6.1+రియల్లీ 5.4.5" అని పేరు పెట్టారు. "రియల్లీ" అంటే "నిజానికి" అని. చెక్‌పోస్టుకు అది 5.6.1 కంటే కొత్తదిగా కనబడింది, గేటు ఎత్తింది. లోపలికి వచ్చింది మాత్రం పాతదే!

ఒక హెచ్చరిక

పాతది ఎప్పుడూ మంచిదని దీనివల్ల అనుకోకండి. పాత కూర్పులలో తర్వాత బయటపడిన లోపాలు అలాగే ఉండిపోతాయి. డెబియన్ 10కి భద్రతా సవరణలు 2024 జూన్ 30తో ముగిశాయి. కనుక చెల్లెలు ఆ వేరే గదిలో పాత ప్రోగ్రాము వేసుకోవడం పూర్తికాగానే దానికి ఇంటర్నెట్ తీసేయాలి. పటం ఫైలుకు ముందుగా నకలు తీసి పెట్టుకోవాలి. కొత్త కూర్పులో ఒకసారి భద్రపరచిన ఫైలును పాత కూర్పు సరిగా చదువుతుందన్న హామీ లేదు. తీరిక దొరికినప్పుడు అన్నయ్య అనుబంధాన్ని పైథాన్ 3కి మార్చుకుంటే ఇక వెనక్కి వెళ్ళే పనే ఉండదు.

చేసి చూడండి

మీ బడిలో డెబియన్ గాని ఉబుంటు గాని ఉన్న కంప్యూటరు ఉంటే, మీ టీచరును అడిగి టెర్మినల్ తెరవండి. "ఆప్ట్ పాలసీ" అనే రెండు మాటలు, వాటి తర్వాత ఏదైనా ప్రోగ్రాము పేరు ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయండి. ఇప్పుడు ఉన్న కూర్పు ఏది, రాదగిన కూర్పు ఏది అన్నది కనిపిస్తుంది. ఈ ఆదేశం దేన్నీ మార్చదు, భయపడనక్కరలేదు.

ఇక మీకొక లెక్క: 3.4, 2.18, 3.22, 2.8. వీటిని పాతదాని నుంచి కొత్తదాని వరకు వరుసగా రాయండి. 2.18 తర్వాత 2.8 రాశారా? అయితే "ముందు సంఖ్యల సంగతి" మరోసారి చదవండి!