నిజంగా స్టవ్ పేలిందా?

“పాపం, స్టవ్ పేలి పోయిందట!” కిరసనాయిలు స్టవ్‌ల రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో! అయ్యో అనుకుని మన పనుల్లో పడిపోయేవాళ్ళం. అది నిజమో కాదో ఎలా తేలుస్తారో తెలుసాండీ?

శవపరీక్షలో డాక్టరుగారు ముఖ్యంగా గాలిగొట్టం చూస్తారు. మంటల్లో ఊపిరి పీల్చిన మనిషికి లోపల మసి అంటుకుంటుంది, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రెండూ లేకపోతే, ముందే చంపి తర్వాత నిప్పంటించారేమోనన్న అనుమానం వస్తుంది. అప్పుడు మెడమీద నులిమిన గుర్తులు వెతుకుతారు. పిడికిళ్ళు బిగుసుకుని ఉంటే పెనుగులాడిందని ఇరుగుపొరుగు అనుకుంటారు గానీ, అది వేడికి కండరాలు ముడుచుకోవడమే.

ప్రాణముండగానే కాలిందని తేలినా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అన్నది మిగిలే ఉంటుంది. ఇక వంటిల్లు చెప్పాలి. స్టవ్ టాంకు పగిలిందా, చెక్కుచెదరలేదా? వంట చేస్తూ చీర అంటుకుంటే సాధారణంగా ముందువైపు, కిందినుంచి కాలుతుంది. నెత్తిన పడ్డ కిరసనాయిలు జుట్టులో, బట్టల్లో మిగిలి లేబొరేటరీలో బయటపడవచ్చు. తనే పోసుకుందా, ఎవరైనా పోశారా అన్నది మాత్రం శవం ఒక్కటే చెప్పలేదు. కొనఊపిరితో ఆమె ఇచ్చిన వాంగ్మూలం అక్కడే అక్కరకొస్తుంది. పోలీసులు రాకముందే ఎవరో వంటిల్లు కడిగేస్తే ఆధారాలూ నీళ్ళతో పోయినట్టే.

పెళ్ళయిన 7 ఏళ్ళలోపు స్త్రీ మరణిస్తే, ఆమె బంధువు ఒక్కరు కోరినా పోలీసులు శవపరీక్షకు పంపాలని 1983లో చట్టాన్ని సవరించారు. 2024లో అమలైన కొత్త సంహితలోనూ ఆ నిబంధన ఉంది. అడిగేదేదో దహనానికి ముందే అడగాలి.