పెరటి కోళ్ళకు పొరుగూరి పుంజు

మీ పెరటి కోళ్ళను ఒకసారి పరికించి చూడండి. ఒకటి కాకి, ఒకటి డేగ, ఒకటి నెమలి. ఇంకొకదాని మెడపై ఈకలే ఉండవు. ఇన్ని రకములున్న మందలో జన్యు వైవిధ్యమునకు కొదువేమని మీరనుకొనవచ్చును. కాని రంగును నిర్ణయించు జన్యువులు కొద్ది మాత్రమే. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు సైతము పలు రంగులలో ఉండవచ్చును.

పది పెట్టలకు ఒక పుంజును ఉంచి, తక్కిన పుంజులను పండుగకో సంతకో పంపుట మన ఇండ్లలో పరిపాటి. అప్పుడు పిల్లలన్నిటికి తండ్రి ఒక్కటే. లెక్క కట్టి చూచినచో ఈ 11 కోళ్ళ మంద, వైవిధ్యము విషయమున 4 కోళ్ళకు కూడ సరిరాదు. ఒక పెట్టను తగ్గించి రెండవ పుంజును ఉంచిన యెడల ఆ లెక్క 6 దాటును. రెండు పుంజులు, అందులోను అసీలు పుంజులు, ఒక పెరటిలో ఇమడవందురా? నిజమే. అట్టివారు పుంజును మార్చుట మేలు.

మార్చనిచో మరుసటి ఏడు అదే పుంజు తన కూతుళ్ళతో జతకట్టును. జన్యువులు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా జంటలై ఉండును గదా. తండ్రీకూతుళ్ళ జతకు పుట్టిన పిల్లలో సగటున నూటికి 25 జంటలలో రెండును ఒకే మూలమునుండి వచ్చినవై ఉండును. అంతవరకు దాగియున్న లోపములు అప్పుడు బయటపడును. పొదుగులో పిల్లలు తగ్గును, పుట్టినవి నీరసించి చచ్చును. ఇంటివారు దిష్టి తగిలినదందురు! గుడ్లు మురుగుటకు ఎండ, నిలువ మొదలగు కారణములును కలవు. కాని నష్టము ఏటేట పెరుగుచున్నచో పుంజును అనుమానించవలెను.

రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు నాటుకోళ్ళకన్న గుడ్లు ఎక్కువ పెట్టును. వానిని పెంచవద్దనుట లేదు. కాని అవి సామాన్యముగా పొదుగుకు కూర్చొనవు. గ్రద్ద నీడ పడగానే పిల్లలను రెక్కలక్రింద దాచుకొను నేర్పు నాటుపెట్టది. అట్టి పుంజును నాటుపెట్టలన్నిటిమీద వదలినచో ఆ గుణము తరతరమునకు పలుచబడును. కాబట్టి కొన్ని మంచి నాటుపెట్టలనైనను నాటుపుంజుతోనే వేరుగా ఉంచుడు.

పెట్టలు 6, 7 నెలలకు గుడ్లకు వచ్చును. ఆ లోపుననే తండ్రి పుంజును పొరుగూరి వారికిచ్చి, వారి నాటుపుంజును తెచ్చుకొనుడు. మీ గుడ్లనే పొదిగించుకొన్న పక్కింటివారి పుంజు ఇందుకు పనికిరాదు. తెచ్చిన పుంజును రెండు మూడు వారములు మందకు దూరముగా కట్టి ఉంచి, రెట్టను, మేత తినుటను గమనించవలెను. నాటుకోడికి కొక్కెర తెగులు రాదను మాట నమ్మవద్దు. పుంజుకును మందకును టీకా వేయించిన పిదపనే కలుపుడు.