జూ చూపించాలా? ముందు ఎండను చూడండి

బడులకు వేసవి సెలవులిచ్చారో లేదో, "జూకెప్పుడు తీసుకెళ్తావు నాన్నా?" అని పిల్లలు ప్రాణం తోడేస్తారు. కర్నూలు వారు హైదరాబాదు నెహ్రూ జూకు, కడప వారు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర జూకు ప్రయాణం కడతారు. "అంత ఖర్చుపెట్టి వెళ్ళడం దండగ కాదా డాక్టరుగారూ?" అని తల్లులు అడుగుతుంటారు. దండగ కాదు. మే నెలలో వెళితే మాత్రం దండగే. ఒక్కోసారి ప్రమాదం కూడా.

1963లో ప్రారంభమైన నెహ్రూ జూ 380 ఎకరాలు. 1987లో శేషాచలం కొండల కింద వెలసిన తిరుపతి జూ అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కర్నూల్లో తెల్లవారి బస్సెక్కితే, రెండువందల కిలోమీటర్లు దాటి గేటు చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ వేళకు పులీ, సింహమూ నీడన కునుకు తీస్తుంటాయి. వాటికున్న తెలివి మనకుండదు!

"సీమవాళ్ళం, ఎండలు మాకు కొత్తా?" అనకండి. పసివాళ్ళ ఒళ్ళు మనకంటే త్వరగా వేడెక్కుతుంది. ఆటలో పడితే దాహమని చెప్పరు. అడిగేదాకా ఆగక, అరగంటకోసారి నీళ్ళో, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో తాగించండి. రంగు సోడాలు వద్దు.

ఒళ్ళు కాలిపోతూ, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా పడిపోయినా అది వడదెబ్బే. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసురుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చండి. స్పృహలో లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి.

చేతిలో తిండి కనబడితే కోతులు ఊరుకోవు. గీరినా, కరిచినా పసుపూ, సున్నమూ పూయక, సబ్బుతో ధారగా పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్ళండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు బ్యాటరీ బండి ఎక్కండి, నామోషీ ఏమీ లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు టిఫిను మానవద్దు. కొత్త చెప్పులు ఆ రోజే తొడగవద్దు.

ఇక ఏ వయసులో చూపించాలంటారా? రెండేళ్ళ బిడ్డకు ఏనుగైనా, వీధిలో గేదైనా ఒకటే వింత. ఆరేడేళ్ళు రానివ్వండి, ఇంటికొచ్చాక నెలరోజులు ప్రశ్నలతో చంపుతారు. నవంబరు, ఫిబ్రవరి మధ్య ముందురాత్రే ఊరు చేరి, నిద్రపోయి, గేటు తీయగానే లోపలికి వెళ్ళండి. నెహ్రూ జూకు సోమవారం సెలవు సుమా!