మీరు పిలుస్తున్న వ్యక్తి... మీ పక్కనే ఉన్నారు!

ఆలుమగల మధ్య ఫోను గొడవ ఎప్పుడూ గంటల లెక్కతోనే మొదలవుతుంది. ‘పొద్దస్తమానం అందులోనే’ అని ఒకరంటే, ‘నువ్వేం తక్కువా?’ అని రెండోవారు. ఆ లెక్క తేలదు, తేలినా ఒరిగేదేమీ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు భర్త మూడు గంటలు ఫోను చూసినా భార్యకు పేచీ ఉండకపోవచ్చు. ‘పిల్లాడి ఫీజు సంగతి మాట్లాడాలి’ అన్నప్పుడు తలెత్తకుండా వచ్చిన ‘ఊఁ’ మాత్రం రోజంతా గుచ్చుకుంటుంది. తగ్గించుకోవలసింది ముందుగా ఆ ‘ఊఁ’లను.

స్మార్ట్‌ఫోన్లు రాకముందే అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కొత్త దంపతులను గమనించి, ఆరేళ్ల తర్వాత వాళ్ల కాపురాలు ఎలా ఉన్నాయో చూశారు. ‘అటు చూడు, వాన వచ్చేలా ఉంది’ లాంటి చిన్న పలకరింపులకు, కలిసి ఉన్నవారు 86 శాతం సార్లు స్పందించేవారట. విడిపోయినవారిలో అది 33 శాతమే. కాపురాన్ని నిలబెట్టేవి ఇలాంటి అల్పమైన మాటలే అయితే, వాటిని ఇట్టే మింగేసే వస్తువు ఫోను. బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 453 మంది అమెరికన్లను ప్రశ్నిస్తే, 46.3 శాతం మంది తమ భాగస్వామి ఫోను ధ్యాసలో తమను పట్టించుకోలేదన్నారు. దానివల్ల గొడవలయ్యాయని 22.6 శాతం మంది చెప్పారు.

ఇవి జనం చెప్పిన మాటలే కదా, అసలు పొసగని కాపురంలోనే మనిషి ఫోను చాటుకు వెళ్తాడేమో అనవచ్చు. నిజమే, ఏది ముందో ఇలాంటి సర్వేలు తేల్చలేవు. కానీ ముభావం వల్లే ఫోను పట్టుకున్నా, దాని చాటున ముభావం ఇంకా ముదురుతుంది. ‘వెనకటి మగాళ్లు పేపర్లో తల దూర్చలేదా?’ అన్నది ఇంకో వాదన. దూర్చారు. ఆ ఇల్లాళ్లు సంతోషంగా ఉన్నారో లేదో ఎవరూ సర్వే చేయలేదు! పైగా పేపరుకు చివరి పేజీ ఉంటుంది. 2006లో డిజైనర్ ఏజా రాస్కిన్ రూపొందించిన, కిందికి లాగేకొద్దీ తరగని తెరకు అది లేదు. అలాంటి తెర ఒకటి మూసుకున్నా ఇంకొకటి తెరుచుకుంటుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధిస్తే, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చేశాయి. ఇంటిల్లిపాదీ ఒకే టీవీ చూసినప్పుడు కనీసం నవ్వు ఒకటే. రీల్స్‌తో ఎవరి నవ్వు వారిది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో సుమారు 54 శాతమే. అలాంటిచోట ‘ఫోను తగ్గించు’ అని భర్త అంటే అది అనురాగమో అదుపో చెప్పడం కష్టం. అమ్మతో కబుర్లు, డ్వాక్రా సంఘం లెక్కలు, బ్లౌజుల ఆర్డర్లు, అన్నీ ఆమెకు అందులోనే. అందుకే ఒకరు పెట్టి ఇంకొకరు పాటించే నియమం చెల్లదు. ఫోను లాక్కోవడం, దాచేయడం, చాటుగా మెసేజీలు చదవడం నమ్మకాన్నే చెరుపుతాయి.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్ 2022లో మంచి దారి చూపింది. అక్కడ రాత్రి ఏడింటికి సైరన్ మోగించడం మొదలుపెట్టారు. గంటన్నరపాటు ఊళ్లో ఫోన్లు, టీవీలు బంద్. సైరన్ ఎవరినీ వేలెత్తి చూపదు, అందరికీ ఒకేసారి మోగుతుంది. ఇంట్లోనూ అంతే: భోజనం వేళ, పడుకునే ముందు ఓ అరగంట ఇద్దరి ఫోన్లూ పక్క గదిలో పెడితే చాలు, రోజంతా కట్టడి అక్కర్లేదు. రాత్రిళ్లు అమెరికా కాల్స్ ఉండే హైదరాబాద్ టెకీలకు ఇది కుదరదంటారా? అయితే ఉదయం కాఫీ వేళను ఎంచుకోండి. తప్పని కాల్ వస్తే ‘ఆఫీసుది, పది నిమిషాలు’ అని చెప్పి లేవండి. ఈ ఒప్పందం మాట్లాడుకోవడానికి కూడా ఫోను చేతిలో లేని సమయమే మంచిది.

‘నీకు ఫోను పిచ్చి’ అన్న మాట మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో వీడియో గేముల వ్యసనం ఉంది కానీ ఫోను వ్యసనం లేదు. అయితే నిద్ర, ఉద్యోగం పాడవుతున్నా, ఆన్‌లైన్ పందేల్లో డబ్బు పోతున్నా ఇంటి ఒప్పందాలు సరిపోవు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.