పడవకాపురమును మఱచిన కాలువ

చెన్నపట్టణపు దాహము తీర్చుటకు కృష్ణాజలము నేడు ఊత్తుకోట మీదుగా వచ్చుచున్నది. 1983 నాటి ఒడంబడిక ననుసరించి నిర్మింపబడిన కాలువ కండలేరు జలాశయమున బయలుదేరి, ఊత్తుకోట చెంత జీరో పాయింటు అను చోట తమిళనాటి సరిహద్దును దాటి, పూండి జలాశయమును చేరును. 1996లో ఆ నీరు మొదటిసారి సరిహద్దు దాటెను. ఇది గొప్ప యుపకారమే. కాని యీ కాలువలో వచ్చునది నీరు మాత్రమే, మనుష్యులు రారు.

మనుష్యులను, సరకులను తెచ్చిన జలమార్గ మొకటి పూర్వమే కలదు. ఊత్తుకోట ప్రక్కగా తూర్పునకు పారు ఆరణి యేరు పులికాటు చెంత సముద్రమును చేరును. ఆ తీరము వెంబడినే బకింగుహాము కాలువ పోవుచున్నది. 1806లో బేసిల్ కాక్రేను అను స్కాట్లాండు వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరువరకు దీనికి నాంది పలికెను. తరువాత నది ఉత్తరమునకు పెరిగెను. 1876–78 మహాక్షామమున, అన్నమునకై వచ్చిన కూలీలచే కూవము, అడయారు నదుల నడుమ భాగమును త్రవ్వించిరి. నాటి గవర్నరు పేరే కాలువకు స్థిరపడెను. పెదగంజాము మొదలు మరక్కాణమువరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. పెదగంజాము కడ కృష్ణాడెల్టా కాలువలతో కలియుటచే, గోదావరి సీమనుండి చెన్నపట్టణమువరకు పడవల రాకపోకలకు జలమార్గ మేర్పడెను.

బియ్యము, ఉప్పు, కట్టెలు నింపుకొని బయలుదేరిన పడవవారికి దినముల తరబడి పడవయే యిల్లు. గాలి యనుకూలించిన తెరచాప, లేనిచో గడ, అదియు చాలనిచో గట్టుపై నడచుచు మోకు లాగుట. చుట్టును ఉప్పునీరే కావున మంచినీళ్లు కుండలలో దాచుకొనవలెను. పొయ్యి పడవలోనే, పడక పడవలోనే. ఎక్కడ ఇసుక మేట వేసినదో, ఏ గట్టు కోసుకొని పోయినదో వారికి మొదట తెలియును. తెలియనిచో బ్రతుకు సాగదు. జీతములేని కాపలాదారులు వారు.

1899లో బెజవాడ, చెన్నపట్టణముల నడుమ రైలు నడచెను. పిదప లారీలు వచ్చెను. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను దెబ్బతీసెను. పడవవారు గట్టెక్కిరి. వారితోడనే కాలువయందు శ్రద్ధయు గట్టెక్కినది. నగరములో నది మురుగు కాలువయై, ఆక్రమణలచే కుంచించుకొని, తుదకు రైలు వంతెన స్తంభములకు తన గర్భమున చోటిచ్చినది.

వేగము కావలసిన కాలమున పడవ యేల యని కొందఱందురు. రైలును త్రోసిపుచ్చి పడవ నెక్కుమని యెవరును కోరుట లేదు. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి తీరముపై బడినప్పుడు, ఆ నీటిని కొంత తనలో నిమిడ్చుకొని యీ కాలువ ఎందఱి ప్రాణములనో కాపాడినదని భూశాస్త్రజ్ఞులు వ్రాసిరి. 2015 వఱదలలో నీరు పోవు దారులు పూడుకొనుటచే కలుగు కష్టమును మన నగరవాసులు మోకాలిలోతు నీటిలో నిలిచి తెలిసికొనిరి. కాలువను కాపాడుట పడవవానికొఱకు మాత్రమే కాదు, గట్టున నున్నవారికొఱకును.

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ–పుదుచ్చేరి కాలువలను 4వ జాతీయ జలమార్గములో చేర్చెను. ప్రకటన మంచిదే. అయితే పూడిక తీసినంతమాత్రమున జలమార్గము నిలువదు. తీసిన పూడిక మరల చేరును. దానిని దినదినమును కనిపెట్టి యుండు జీవనములు దానిపై నుండవలెను. తీరమందలి బెస్తలకు, చిన్న పడవల వారికి అందు హక్కును, ఆదాయమును కల్పింపనిచో, త్రవ్వినవారు వెడలిపోయిన మఱునాటినుండియే అది మరల మురుగునకు మార్గమగును. న్యాయవాదులు, ఇంజనీర్లు, వైద్యులు మనలో ఎందఱో కలరు. ఈ కాలువ వంతెనలను దాటునపుడు ముక్కు మూసికొనుటతో మన బాధ్యత తీరునా?